కార్చిగాకు దగ్గొచ్చింది

నారిన్,
2011 డిసెంబర్ 4

మామయ్యకు మెదెర్ సలాం.

పశువులు క్షేమమా? గొర్రెలు, ఆవు, దూడ, అత్తయ్య కోళ్ళు, నీ గుర్రం కార్చిగా, అన్నీ చలికి తట్టుకుంటున్నాయా? అత్తయ్య మోకాళ్ళు ఎలా ఉన్నాయి? కోళ్ళ తర్వాత మోకాళ్ళని అడిగానని కోప్పడొద్దని చెప్పు. ముందు పశువుల్ని అడగాలన్న ఆచారం నేను పెట్టింది కాదు.

ఊరందరి కంప్యూటర్లూ బాగుచేసేవాడివి, నువ్వు కాగితం మీద ఉత్తరం రాయడమేమిట్రా అని నేను అద్దెకున్న ఇంటామె నవ్వుతోంది. ఆవిడకేం తెలుసు? ఫోనులో నువ్వు మాట్లాడవు, కేకేస్తావు. పోయినసారి "అల్లుడూ, కడుపునొప్పి తగ్గిందా?" అని నువ్వరిచిన అరుపుకి టాక్సీలో నా పక్కనున్న ముసలాయన "తగ్గింది బాబూ" అని జవాబిచ్చాడు. అందుకే ఈ ఉత్తరం మీ ఊరికి తిరిగే సాదిర్ వ్యానులో పంపుతున్నాను.

నిన్న బూబైషా అవ్వ కబురు పెట్టింది, ఇంటర్నెట్ చచ్చిపోయిందని. వెళ్ళి చూస్తే వైఫై డబ్బా కనబడదే! ఇల్లంతా వెతికాను. చివరికి అల్మారా మీద దొరికింది. దానిమీద కుట్టుపని గుడ్డ, గుడ్డ మీద చిన్న బొంత, బొంత మీద మళ్ళీ శాలువా. "పాపం, గోడ పక్కన చల్లగా ఉంటుంది కదా నాయనా, అందుకే కప్పాను" అంది. బొంత తీశాను, డబ్బా బతికింది. పని నిమిషంలో అయిపోయింది, టీ మాత్రం పొద్దు వాలేదాకా సాగింది. రొట్టె కొరకకుండా గడప దాటనివ్వరు కదా. కంప్యూటర్లు బాగుచేసే పనిలో నాకు ఒళ్ళొస్తోంది మామయ్యా. ప్యాంటు బొత్తాం పెట్టుకోవాలంటే ఊపిరి బిగపట్టాలి.

అసలు సంగతి. ఇక్కడి లైబ్రరీలో సాయంత్రమయ్యేసరికి ఊరంతా హీటర్లు పెడతారు, కరెంటు సన్నబడుతుంది, కంప్యూటర్లన్నీ ఒక్కసారి ఆరిపోతాయి. గుల్‌సైరా గారు, అంటే లైబ్రరీ పెద్దావిడ, పొద్దుట్నుంచి టైపు చేసిందంతా గాలికి పోతుంది. "మార్చిలో నౌరూజ్ పండగలోపు ఈ జబ్బు కుదిర్చావా, మెట్ల పక్క గది నీది. బోర్డు పెట్టుకో" అంది. బోర్డు మామయ్యా! 'మెదెర్, కంప్యూటర్ రిపేర్లు' అని! ఇప్పుడు నా దుకాణమంటే భుజాన సంచే. మొన్న బాన్యాలో ఒంటిమీద నూలుపోగు లేకుండా ఆవిరి పట్టించుకుంటుంటే ఒకాయన వచ్చి తన ప్రింటరు కాగితం నములుతోందన్నాడు.

మేనల్లుడు మేనమామ ఇంట్లో మూడుసార్లు ఏదైనా అడగొచ్చు, మేనమామ కాదనకూడదు. చిన్నప్పుడు నీ నక్కతోలు టోపీ అడిగాను. పెద్దయ్యాక రేడియో అడిగాను. ఇంకొక్కటి మిగిలింది. నౌరూజ్‌కి ముందే వచ్చి ఎదురుగా కూర్చుని అడుగుతాను. పేరుపెట్టి ముందే రాయడం మర్యాద కాదు కనక రాయను. ఒక్కమాట చెప్పు చాలు. మీ గుర్రపుశాల కప్పు కారుతోందా? అక్కడున్నది తడిసిందంటే నా గుండె ఆగిపోతుంది.

నీ అల్లుడు
మెదెర్

---

మన ఊరు,
డిసెంబర్ 17

ఒరేయ్ మెదెర్,

మీ అత్త ఉత్తరం విని మోకాళ్ళు తడుముకుంది. కోళ్ళ తర్వాతైనా గుర్తొచ్చాయి, సంతోషం అంది. ఆ గొంతులో సంతోషం నాకైతే వినబడలేదు. ఈసారి జాగ్రత్తగా రాయి.

మూడో కోరిక ఉందన్నావు. ఉంది, నేను కాదనలేదు. మా నాన్న తన మేనల్లుళ్ళని కాదనలేదు, నేనూ కాదనను. టోపీ అడిగావు, పెళ్ళిపందిట్లో, వందమంది ముందు, నా నెత్తిమీదున్నది! తీసిచ్చాను. ఆ చలికాలం నా మెదడు గడ్డకట్టింది, ఇప్పటికీ పూర్తిగా కరగలేదని మీ అత్త అంటుంది. రేడియో అడిగావు, ఇచ్చాను. దాన్ని విప్పావు, మళ్ళీ మూయలేదు. అయినా నేనేమన్నా అన్నానా?

గుర్రపుశాల సంగతి అడిగావు. కారుతోందిరా. అక్కడున్నది నానిపోయింది. కార్చిగాకు ఒంట్లో ఏమీ బాగాలేదు. దగ్గు. ఒకటే దగ్గు. ముందుకాలు కూడా కుంటుతోంది. కన్ను కూడా సరిగ్గా ఆనడం లేదనుకుంటా, నన్ను చూసి అసన్‌కుల్ అనుకుంది. పక్కింటి అసన్‌కుల్‌కీ నాకూ పోలికేమిటి, చెప్పు! ఇలాంటి గుర్రాన్ని ఎవరూ ఊరికే ఇచ్చినా పుచ్చుకోరు. నువ్వడిగావు కనక చెబుతున్నాను, అడక్కపోయినా చెప్పేవాణ్ణి.

ఈ ఏడు గొర్రెలు మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి. మీ అత్త నేసిన కంబళి ఉంది, చూస్తే కళ్ళు చెదురుతాయి. మేనల్లుళ్ళు గొర్రెల్ని, కంబళ్ళని అడుగుతుంటారు. వినడానికి ఎంత బాగుంటుందో!

మామ
జుమాకదిర్

---

నారిన్,
2012 జనవరి 8

మామయ్యా, అత్తయ్య మోకాళ్ళు ఎలా ఉన్నాయి? పశువులెలా ఉన్నాయి? (చూశావా, వరస మార్చాను.)

కార్చిగా దగ్గు సంగతి చదివి మనసు పాడైపోయింది. దాని పుట్టుక నుంచి చూసినవాణ్ణి, నేను చేతులు ముడుచుకుని కూర్చుంటానా? పశువుల డాక్టరు కెనెష్ కంప్యూటరు మొన్న బాగుచేశాను. వైరస్‌లు పడ్డాయి. ఆయన దాని ముందు కూర్చుని "దీనికి సూది ఎక్కడ వెయ్యాలో నాకు చెప్పలేదే" అని బాధపడుతున్నాడు. ఆయనే మీ ఊరివైపు వస్తున్నాడు, కార్చిగాను చూస్తానని మాటిచ్చాడు. కంగారు పడకు.

గుర్రపుశాల మాత్రం వెంటనే బాగుచేయించు. కనీసం అక్కడున్నదాని మీద కంబళి కప్పు. చెమ్మ అసలు పడదు దానికి.

ఇక్కడ ఒకాయన ఇంట్లో రోజూ పాలు పితికేవేళకి కంప్యూటరు చచ్చిపోతోందట. సాతాను పనా, వైరస్ పనా అని ఇంట్లో తగువు. నేను సాయంత్రం దాకా కూర్చున్నాను, అంటే టీ తాగుతూ కూర్చున్నాను. ఆయన భార్య పాలబిందెతో వచ్చింది, గోడకున్న ప్లగ్గు పీకింది, మీగడ తీసే యంత్రం పెట్టింది. కంప్యూటరు చచ్చింది. "అమ్మా, అది కంప్యూటరు ప్లగ్గు" అన్నాను. "అయితే? నీకిప్పుడు రొట్టెలోకి మీగడ కావాలా, కంప్యూటరు కావాలా?" అంది. మామయ్యా, మీగడే కావాలన్నాను.

లైబ్రరీలో ఇవ్వాళ మళ్ళీ అన్నీ ఆరిపోయాయి. గుల్‌సైరా గారు గోడమీది క్యాలెండర్ వైపు చూసింది. నౌరూజ్ దగ్గర ఎర్రసిరాతో సున్నా చుట్టి ఉంది.

ఇంకోమాట. నేనడగబోయేదాన్ని సాదిర్ వ్యాను పైన కట్టి తేవచ్చంటావా? లోపల పెడితే జనం కాళ్ళు పెట్టుకోలేరు. బోర్లా పడకుండా నాలుగువైపులా తాళ్ళతో బిగిస్తే సరిపోతుందనుకుంటా.

మెదెర్

---

మన ఊరు,
జనవరి 24

వ్యాను పైనా!

ఒరేయ్, నువ్వు మా అక్క కడుపున పుట్టినవాడివేనా? తాళ్ళతో బిగిస్తావా? కొండదారిలో, ఆ గాలిలో, పైన కూర్చోబెట్టి తీసుకుపోతావా? చదివి కాసేపు బయట నిలబడ్డాను. పేరు నువ్వూ చెప్పలేదు, నేనూ చెప్పను, మర్యాద మర్యాదే. కాని దానికీ ప్రాణముంటుందిరా!

సరే. కోపం తగ్గింది. టీ తాగాను.

నీ డాక్టరు వచ్చాడు. ఎవడడిగాడు నిన్ను పంపమని? చూశాడు. తల ఊపాడు. మీ అత్త వండిన బెష్‌బర్మాక్ రెండుసార్లు పెట్టించుకున్నాడు. ఆకారం చూస్తే పశువులకన్నా ఆయనే ఎక్కువ తింటాడనిపించింది. జబ్బు ముదిరిందనీ, వయసైపోయిందనీ, ఇంక దాన్ని కదిలించకూడదనీ చెప్పాడు. ముఖ్యంగా వ్యాను ఎక్కించకూడదన్నాడు. నేను అడక్కుండానే అన్నాడు.

గొర్రెల సంగతి రాశాను, జవాబు రాయలేదు నువ్వు.

జుమాకదిర్

నాయనా మెదెర్, ఇది నేను, అత్తయ్యని, అడుగున రాస్తున్నాను. మోకాళ్ళు పరవాలేదు. మీ మామకి మాత్రం పరవాలేదని చెప్పలేను. పది రోజులుగా తెల్లారకముందే అసన్‌కుల్ ఇంటికి గడ్డిమోపు మోసుకెళ్తున్నాడు. అడిగితే వాళ్ళ గోడ ఆరోగ్యం చూసొస్తున్నానంటాడు. అదిగో వస్తున్నాడు, ఆపేస్తున్నాను.

---

నారిన్,
ఫిబ్రవరి 7

మామయ్యా,

డాక్టర్ కెనెష్ నారిన్‌కి తిరిగొచ్చాడు. కార్చిగా ఎలా ఉందని అడిగాను. "పాపం, ముసలి ఆడగుర్రం. నోట్లో ఒక్క పన్ను లేదు. దగ్గు మాత్రం లేదు" అన్నాడు.

మామయ్యా, కార్చిగా ఎప్పుడు ఆడదైంది?

అప్పుడు నేనొక లెక్కల ఆఫీసులో బల్లకింద దూరి వైర్లు సర్దుతున్నాను. డాక్టరు ఫోనులో ఆ మాట చెప్పగానే నవ్వొచ్చి లేచాను, తల బల్లకి కొట్టుకుంది, పైనున్న టీ కప్పు కీబోర్డు మీద ఒలికింది. ఇప్పుడు ఆ కీబోర్డు కూడా నేనే ఆరబెట్టాలి. అది నీ ఖాతాలో రాస్తున్నాను.

అప్పటికి గాని నా బుర్ర వెలగలేదు. ఆ ముసలి గుర్రం అసన్‌కుల్‌ది. కార్చిగా అసన్‌కుల్ పాకలో దాక్కుంది. నేను నీ గుర్రాన్ని అడుగుతాననుకున్నావు! మామయ్యా, నేనుండేది మూడో అంతస్తులో. దాన్ని ఎక్కడ కట్టేసుకోవాలి? స్నానాల గదిలోనా? ఇంటామె పిల్లినే రానివ్వదు.

నవ్వి నవ్వి, తర్వాత కొంచెం బాధేసింది. ఆ గుర్రం నీ ప్రాణమని నాకు తెలియదా? అది పిల్లగా ఉన్నప్పుడు నువ్వు నీ కోటు విప్పి కప్పి, రాత్రంతా వణికింది నేను చూడలేదా? నీ దగ్గర్నుంచి దాన్ని లాక్కునేవాడిలా కనబడ్డానా?

మర్యాద సంగతి తర్వాత, పేరుపెట్టి రాసేస్తున్నాను. నాక్కావలసింది ఆ ఇనప స్టెబిలైజర్. కొల్ఖోజ్ ఉమ్మడి వ్యవసాయపు క్లబ్బులో సినిమా మెషీన్‌కి కరెంటు సరిచేసేది. క్లబ్బు మూసేసినప్పుడు నువ్వు తెచ్చుకుని గుర్రపుశాలలో పెట్టావు, గుర్రమెక్కేటప్పుడు దానిమీద కాలు పెడతావు. అదే. ఇక్కడ బజార్లో దొరికే డబ్బాలు రెండు తెచ్చాను, రెండూ కాలి కంపుకొట్టాయి. ఆ పాత ఇనుము అయితే లైబ్రరీ మొత్తాన్ని మోస్తుంది. అది ఉంటే నాకు గది, బోర్డు. అది లేకపోతే ఇదే సంచి.

కార్చిగాను ఇంటికి తెచ్చుకో. పాపం, అక్కడ దానికి తోచదు.

మెదెర్

---

మన ఊరు,
ఫిబ్రవరి 16

అల్లుడూ,

ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చించాను. మీ అత్త వాటితో పొయ్యి రాజేసింది.

ఆ పెట్టె నా దగ్గర లేదు.

గుర్రాన్ని దాచమంటే అసన్‌కుల్ ఊరికే దాచుతాడా? వాడేమిటి, వాడి వంశమే అంత. "నాకు క్యాబేజీ ఊరబెట్టే పీపా మూతమీద పెట్టడానికి బరువు కావాలి. నీ గుర్రపుశాలలో ఆ ఇనప పెట్టె ఉందే, అదివ్వు" అన్నాడు. సంతోషంగా ఇచ్చేశాను. నా చేతులతో నేనే మోసుకెళ్ళాను, నడుం ఇప్పటికీ పట్టేసి ఉంది. గుర్రమెక్కడానికి ఇప్పుడు బకెట్టు బోర్లించుకుంటున్నాను. మొన్న బకెట్టు జారింది. ఆ సంగతి వదిలెయ్.

నీ ఉత్తరం చదవగానే వాడింటికి పరిగెత్తి కార్చిగాను తెచ్చుకున్నాను, పెట్టె కూడా అడిగాను. క్యాబేజీ ఇంకా సగం పీపా ఉందిట. పెట్టె తియ్యడట. బతిమాలాను. మీ అత్త రొట్టెలు పంపింది. అప్పుడు వాడి కళ్ళు మెరిశాయిరా. "ఒక్కరోజు కార్చిగాను నాకివ్వు. మా వియ్యాలవారింట్లో విందుంది. దానిమీద వెళ్ళి గేటు ముందు దిగాలి. పెట్టె తీసుకుపో" అన్నాడు.

నా గుర్రం మీద నేను తప్ప ఎవడూ ఎక్కలేదు. మీ అత్త కూడా ఎక్కలేదు. అసన్‌కుల్ గుర్రం మీద కూర్చుంటే పిండిబస్తా పెట్టినట్టుంటుంది. వాడు దాని నోరు లాగుతాడు. మడమలతో పొడుస్తాడు. ఇవ్వనని చెప్పి వచ్చేశాను.

వచ్చి కూర్చున్నాను. అన్నం సయించలేదు. ఒకవైపు నీ బోర్డు, ఒకవైపు నా గుర్రం. నీ మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. పోనీ అసన్‌కుల్ మీద తెచ్చుకున్నాను, అది పుష్కలంగా వచ్చింది.

జుమాకదిర్

---

నారిన్,
ఫిబ్రవరి 25

మామయ్యా, ఇవ్వొద్దు.

ఒట్టు, ఇవ్వొద్దు. నాకేం తక్కువ? సంచి ఉంది, కాళ్ళున్నాయి, ఎక్కడికెళ్ళినా టీ ఉంది. గుల్‌సైరా గారికి వేరే ఏదో చెబుతాను. ఇప్పటికే లైబ్రరీలో వాళ్ళ వైద్యం వాళ్ళు చేసుకుంటున్నారు. కంప్యూటర్లకి దిష్టి తగిలిందని ఊడ్చే ఆవిడ అర్చా చెట్టు కొమ్మలు కాల్చి ఒక్కొక్కదాని వెనకా పొగవేసింది. ఫ్యాన్లు ఆ పొగంతా లోపలికి పీల్చేశాయి. విప్పి చూస్తే లోపల మన పాత వంటిల్లే! నల్లగా, జిడ్డుగా. రెండురోజులు బ్రష్షుతో తోమాను. ఆవిడ పక్కనే నిలబడి "చూశావా, ఎంత దిష్టి ఉందో" అంది.

అబద్ధమెందుకు, ఆ గది తలుపు ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా మేకు ఎక్కడ కొట్టాలో చూసుకుంటున్నాను. కాని అసన్‌కుల్ కింద కార్చిగా నడుస్తుంటే నువ్వు గోడపక్క నిలబడి చూడటం, అది నాకు వద్దు.

ఒకే ఒక్క విన్నపం. పీపాలోంచి ఉప్పునీళ్ళు పొంగితే ఆ పెట్టె పని అయిపోతుంది. ఏదన్నా వంకతో వెళ్ళి కింద ప్లాస్టిక్ కాగితం పరిచి రా. (దీన్ని మూడో కోరికగా లెక్కెయ్యకు.)

మెదెర్

---

మన ఊరు,
మార్చి 12

ఒరేయ్ అల్లుడూ, ముందు ఈ ఉత్తరంతో వచ్చిన సామాను దింపుకో. నడుం జాగ్రత్త. సాదిర్ వ్యాను పైన కట్టాను, నాలుగువైపులా తాళ్ళతో. నువ్వు చెప్పినట్టే.

ఇచ్చాను. ఇవ్వొద్దని నువ్వు రాసిన ఉత్తరం చదివాకే ఇచ్చాను. ఇవ్వమని అడిగుంటే ఇంకా మొండికేసేవాణ్ణేమో, నాకూ తెలియదు.

అసన్‌కుల్ కొత్త కోటు వేసుకుని, టోపీ దులుపుకుని ఎక్కాడు. నేను మొహం తిప్పుకున్నాను. మీ అత్త కిటికీలోంచి చూసి ఎప్పటికప్పుడు చెబుతోంది. "వెళ్ళాడు... ఆగాడు." ఎక్కడ ఆగాడు? ఎల్చిబెక్ గేటు ముందు. మడమలతో పొడిచాడు, కదలలేదు. ఎల్చిబెక్ బయటికొచ్చి "అసన్‌కుల్, రా రా, టీ తాగు" అన్నాడు. పిలిచాక వెళ్ళకపోతే మర్యాదా? దిగాడు, టీ తాగాడు, రొట్టె తిన్నాడు, ఎక్కాడు. కార్చిగా పక్కింటి గేటు దాకా నడిచి మళ్ళీ ఆగింది!

పదకొండేళ్ళుగా నేను ఆ దారిన ఏ గేటు దగ్గర దిగి టీ తాగుతానో దానికన్నీ తెలుసురా. ఒక్కటీ వదల్లేదు. ఆ దారిలో మనకి స్నేహితులు కానివాళ్ళు ఎవరున్నారు? వియ్యాలవారింటికి చేరేసరికి విందు అయిపోయింది, గిన్నెలు కడుగుతున్నారు. వాడి కడుపులో ఒక్క చుక్కకి చోటు లేదు. అయినా వియ్యపురాలు మర్యాదకి మళ్ళీ టీ పెట్టింది!

తిరిగి కార్చిగా మీద రానన్నాడు. నడిచి వచ్చాడు. అది వాడి వెనకాలే, చక్కగా, ఒక్క గేటు దగ్గరా ఆగకుండా ఇంటికొచ్చింది. ఒంటిమీద గీత లేదు. నేను దాని మెడ పట్టుకుని ఏడ్చాను. ఎవరికీ చెప్పకు.

పెట్టె ఎత్తుతుంటే వాడు కూడా ఒక చెయ్యి వేశాడు. కాకపోతే మాటిమాటికీ పెరట్లోకి పోవాల్సి వచ్చింది పాపం.

జుమాకదిర్

---

నారిన్,
మార్చి 23

మామయ్యా!

లైబ్రరీ ఆరిపోవడం లేదు!

పండగ ముందురోజు బిగించాను. సాయంత్రమైంది, ఊరంతా హీటర్లు పెట్టారు, వీధిదీపాలు గుడ్డివైపోయాయి. గుల్‌సైరా గారు కుర్చీ అంచున కూర్చుంది, ఊడ్చే ఆవిడ అర్చా కొమ్మ పట్టుకుని సిద్ధంగా నిలబడింది. పెట్టె ముసలి ఎద్దులా ఒక్కసారి మూలిగింది. కంప్యూటర్లు రెప్పకూడా వెయ్యలేదు. గుల్‌సైరా గారు లేచి నన్ను కౌగిలించుకుంది, తర్వాత ముక్కు ఎగబీల్చి "ఎవరైనా క్యాబేజీ తెచ్చారా?" అంది. వేడెక్కితే వాసన వస్తోంది మామయ్యా. చదువుకోవడానికి వచ్చినవాళ్ళకి త్వరగా ఆకలేస్తోంది. ఊడ్చే ఆవిడ అది దిష్టి పోయిన వాసన అంటోంది.

బోర్డు కొట్టేశాను. మేకు వంకరగా దిగింది, అయినా బాగుంది. మొదటి బేరం బూబైషా అవ్వది. వైఫై డబ్బాని బొంతలో చుట్టి, పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. ఆవిడకి మన సంగతంతా చెప్పాను, ఆవిడ పెద్దమనిషి కనక తీర్పు కూడా చెప్పింది. నేను ఆ పెట్టెని ఎదురుగా కూర్చుని అడగలేదు. పైగా ఇవ్వొద్దని రాశాను. అయినా నువ్విచ్చావు. అడక్కుండా మామ ఇచ్చింది ప్రేమ, అది కోరిక కిందికి రాదు నాయనా అంది.

అంటే మామయ్యా, నా మూడో కోరిక అలాగే ఉంది.

వచ్చే నెల వస్తున్నాను. అత్తయ్య మోకాళ్ళకి ముందు, కార్చిగాకు తర్వాత, నీకు ఆఖర్న సలాం.

కంప్యూటర్ రిపేర్లు
మెదెర్

---

మన ఊరు,
ఏప్రిల్ 2

అల్లుడూ,

ఉత్తరం ఊరంతా వినేలా చదివాను. బోర్డు దగ్గరికొచ్చేసరికి కాగితం మీ అత్త చేతిలో పెట్టాను, మిగతాది తనే చదివింది. అసన్‌కుల్ కూడా వచ్చి విన్నాడు. టీ మాత్రం వద్దన్నాడు.

బూబైషా అవ్వ తీర్పు సరైనదే, నేనేమీ అనను. ఆ మూడోది నీ దగ్గరే భద్రంగా ఉంచుకో. అడిగేసిన మేనల్లుడికి మేనమామ ఇంట్లో పనేముంది? అడగాల్సింది ఉన్నంతకాలం వస్తుంటావు. తొందరపడకు. బాగా ఆలోచించుకో. నాకు నూరేళ్ళు వచ్చేదాకా ఆలోచించుకో.

త్వరగా రా.

మామ
జుమాకదిర్

చెప్పడం మరిచాను. నిన్నటినుంచి కార్చిగా మళ్ళీ దగ్గుతోంది.